గుర్రం పద్యం, బాపు మీసం

మా అన్న మనవడు మొన్న ఇంటికొచ్చి, చెవిలో పెట్టుకునే తీగల్లేని గుండీ ఒకటి నా చెవిలో కూరి, "అమ్మమ్మా, ఒకటి వినిపిస్త, పాడేది ఎవరో చెప్పు" అన్నాడు. వాడికి పాతవాటి పిచ్చి. ఎవరో పుణ్యాత్ములు పాత గ్రామఫోన్ ప్లేట్లను వెతికి పట్టుకుని, గీతలూ గరగరలూ అన్నీ తీసేసి లోకానికి వదులుతున్నారట. వాటిలో దొరికిందట. హార్మోనియం మొదలైంది, ఆ వెనక గొంతు లేచింది. పద్యం నాకు అక్షరం అక్షరం తెలిసిందే. చివరిదాకా విని, గుండీ తీసి వాడి చేతిలో పెట్టి, "పద్యం అదే గానీ, పాడింది పురుషోత్తం గారు కాదురా" అన్నాను. వాడు ఫోను నా ముక్కు దగ్గరికి తెచ్చి పేరు చూపించాడు. "పేరుకేముంది, ఎవరైనా రాసుకోవచ్చు" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది. ఈ మాట నేను ఇంతకుముందు విన్నదే. బెల్లంపల్లిలో, క్లబ్బు ముందర మైదానంలో, పురుషోత్తం గారు మా ఎదురుగా నిలబడి ఉండగానే మా కాలనీ మొత్తం ఆయన ముఖం మీద అన్న మాట అది.

మేం నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలిచేవాళ్లం. మా బాపు పేరు మల్లయ్య. బొగ్గుబాయి మీద దీపాల గదిలో పని. బాయిలోకి దిగేవాళ్లకు దీపాలివ్వడం, ఎక్కి వచ్చినవాళ్ల దగ్గర తీసుకుని తుడిచి పెట్టడం. ఆయన బాయిలోకి దిగకపోయినా బొగ్గు మాత్రం ఆయన మీదికి ఎక్కేది. డ్యూటీ దిగి ఇంటికొస్తే అందరూ ముందు ముఖం కడుక్కుంటారు, బాపు మీసం కడుక్కునేవాడు. అవ్వ బొగ్గుల కుంపటి మీద నీళ్లు కాచి, మీసానికని చిన్న చెంబుతో వేరే తీసిపెట్టేది. కడిగి, తువ్వాలతో అద్ది, కొబ్బరినూనె రాసి, దానికి దాని ఆకారం వచ్చేదాకా ఇంట్లో ఎవరం పలకరించేవాళ్లం కాదు. పెదవి దాటి బుగ్గలెక్కి చెవుల వైపు చూసే మీసం అది. కోపమొస్తే కుడివైపు మెలేసేవాడు, సంతోషమైతే ఎడమవైపు. బాపు ఏమంటాడో వినడం కన్నా చెయ్యి ఎటు పోతున్నదో చూస్తే మాకు సంగతి ముందే తెలిసిపోయేది.

గ్రామఫోన్ మా ఇంటికి రావడం కూడా బాపు తుడుపు వల్లనే. కంపెనీలో పనిచేసే దొర ఒకాయన ఊరు విడిచి పోతూ, దీపాల గాజులు ఇంత తళతళలాడేట్టు తుడిచే మనిషైతే దీన్నీ జాగ్రత్తగా చూస్తాడని బాపు చేతిలో పెట్టిపోయాడు. దాంతోపాటు ఓ కట్ట ప్లేట్లు. అన్నీ ఒక పరదేశపు దొర పాడినవే, వాళ్ల నాటకాల్లోవట. బాపు ఒకటి పెట్టాడు. ఆ దొర మెల్లగా మొదలుపెట్టి, పోను పోను గొంతు చించుకుని అరవసాగాడు. అవ్వ పొయ్యి దగ్గరి నుంచి వచ్చి, "గీయనకు కడుపునొప్పి లేసినట్టుంది, ఆపయ్యా, ఇనబుద్ధయితలేదు" అని సగంలో ఆపించింది. ఆ తర్వాత ఆ ప్లేట్లన్నీ మా వంటింట్లో మూతలయ్యాయి. అంబలి కుండ మీద ఒకటి, చింతపండు జాడీ మీద ఒకటి, కారం డబ్బా మీద ఒకటి. బరువుగా ఉండి చీమను కూడా దూరనిచ్చేవి కావు. పరదేశంలో ఆయన ఎంత గొప్పవాడో నాకు తెలీదు, మా అంబలికి మాత్రం చాలా మేలు చేశాడు.

మేం వినేది ఒక్కటే ప్లేటు. బాపు కరీంనగర్ నుంచి బస్సులో ఒళ్లో పెట్టుకుని పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చింది. పురుషోత్తం గారు కోస్తా వైపు నాటకాల్లో పేరు మోసిన మనిషి. బాపు పడుచువాడుగా ఉన్నప్పుడు వేములవాడ జాతరలో ఆయన రాజు వేషం చూశాడట. చూశాడు అంటే, ముందు నిలబడ్డవాళ్ల తలల మీదుగా కిరీటం కొస చూశాడు, మిగతాదంతా విన్నాడు. ఆ నాటకంలో రాజు రాజ్యం పోగొట్టుకుని అడవిపాలవుతాడు. ఇక పెట్టడానికి తనకే తిండిలేదు గనుక, చివరికి మిగిలిన గుర్రాన్ని వదిలేస్తూ పద్యం పాడతాడు. మా కాలనీలో దాన్ని గుర్రం పద్యం అనేవాళ్లు. ప్లేటుకు ఒకవైపు గుర్రాన్ని పొగడడం, రెండోవైపు కళ్లెం విప్పి పొమ్మనడం.

ఆదివారం సాయంత్రమైతే మా క్వార్టరు ముందర జనం. బీహారు నుంచి వచ్చినవాళ్లు, మంచిర్యాల వైపువాళ్లు, మరాఠీ కలిపి మాట్లాడే ఆసిఫాబాదువాళ్లు, అందరూ అరుగు మీదా బండల మీదా సర్దుకునేవాళ్లు. మా కిటికీ కిందే చాంద్ చిచ్చా జట్కా ఆగేది. చిచ్చా, ఆయన గుర్రం బాద్షా, ఇద్దరూ మా శ్రోతలే. మొదటివైపు అయిపోగానే బాపు ప్లేటు తిప్పి, సూది మార్చి, పక్కనున్న పిడి తిప్పి చావి ఇచ్చేలోపల అందరూ లేచేవాళ్లు. చాయలు తాగేవాళ్లు తాగడం, పాను ఉమ్మేవాళ్లు ఉమ్మడం, ఆడవాళ్లు ఇళ్లకు ఉరికి పొయ్యి మీది కూర కలిపి రావడం, అన్నీ ఆ సందులోనే. రెండోవైపు నడుమ ప్లేటుకు ఒక గీత ఉండేది. అక్కడ సూది చిక్కుకుని రాజు "ఆ... ఆ... ఆ..." అంటూ ఉండిపోయేవాడు. అవ్వ ముందుకు వంగి వేలితో పెట్టె పక్కన మెల్లగా ఒక్క దెబ్బ వేస్తే ముందుకు కదిలేవాడు. దూరం నుంచి వినేవాళ్లకు దెబ్బ సంగతి తెలీదు. రాజు గుక్కపట్టి ఏడుస్తున్నాడనుకుని వాళ్లూ కొంగులు అడ్డం పెట్టుకునేవాళ్లు.

అసలు ఏడుపు మాత్రం చివర్లో. పద్యం కొసకు వచ్చేసరికి రాజు గొంతు బరువెక్కి, కిందికి కిందికి జారి, మనిషి గొంతు దాటి ఇంకా లోతుకు పోయి, బాయి అడుగు నుంచి వస్తున్నట్టు వినిపించి ఆగిపోయేది. అక్కడ ఏడవని మనిషిని నేను చూడలేదు. ఆ గొంతు ఆగడంతోనే చాంద్ చిచ్చా ముక్కు చీది, బాద్షాను జట్కా నుంచి విప్పేవాడు. అది ఎవరూ తోలకుండానే తలవంచుకుని మెల్లగా తన కొట్టం వైపు నడిచిపోయేది. అక్కడ దానికి శనగలు పెడతారు. కానీ మాకు ఆ శనగలు గుర్తొచ్చేవి కావు. రాజు పొమ్మన్నాడు, గుర్రం పోతున్నది, అంతే.

మా గ్రామఫోన్‌లోని స్ప్రింగు ఒకసారి తెగితే, బాయి మీద ఫిట్టర్ ఒకాయన తెగినమేర తీసేసి మిగిలినదాన్ని బిగించాడు. కాబట్టి ఒకసారి చావి ఇస్తే, పొడుగైన రెండోవైపు చివరిదాకా సరిపోదు. పాడుతుండగా మళ్లీ తిప్పవచ్చు గదా అంటే బాపు ఒప్పుకునేవాడు కాదు. "పాడేటాయన చెవి మెలేస్తరా ఎవరన్న?" అనేవాడు. ఆ గొంతు జారడం స్ప్రింగు పని అని ఇప్పుడు మీకు అర్థమైంది. మాకు అర్థం కాలేదు. మాకు అర్థం కాలేదనే మాట కూడా సరికాదు, కాలనీలో ఒక్క మనిషికి అర్థమైంది. ఆయన మాట మేం నమ్మలేదు.

ఆయన కంపౌండర్ రాజలింగం. మా వెనక వరస క్వార్టర్లలో ఉండేవాడు. కాలనీలో మొదటి రేడియో ఆయనది. రేడియో వచ్చినా ఆదివారం సాయంత్రం జనం మా ఇంటికే వచ్చేవాళ్లు, దాంతో ఆయనకు కడుపులో మంటగా ఉండేది. ఒక ఆదివారం పద్యం ముగిసి అందరూ కళ్లు తుడుచుకుంటుంటే, "మల్లయ్యా, ఎన్నడు లేంది గిప్పుడు చెప్తున్న. మనిషి గొంతు గట్ల జారది. నీ పెట్టె ఖరాబయ్యింది" అన్నాడు.

బాపు చెయ్యి కుడివైపు పోయింది. "పెట్టె ఖరాబుగాలే, నీ చెవులు ఖరాబైనయి. గాయిన గట్లనే పాడుతడు."

"నువ్వు విన్నవా?"

"వేములవాడల విన్న. తీస్కొచ్చి నీ ముంగట్నె పాడిపిస్త. గీ ప్లేటుల ఉన్నట్టె పాడకపోతే నా మీసం తీసేస్త."

"పాడితే, ఆదివారం పొద్దుమూకంగ నా రేడియో బందు" అన్నాడు కంపౌండర్.

అవ్వ లోపలి నుంచి వింటూనే ఉంది. జనం పోయాక, "గా మీసం నీ ఒక్కనిదనుకున్నవా? గింతకాలం నీళ్లు కాగవెట్టింది నేను" అన్నది. మీసం పందెం కాసిన మనిషి వెనక్కి పోలేడు. పోతే మీసం ఉన్నా లేనట్టే.

పురుషోత్తం గారు కరీంనగర్‌లో ఏదో సభకు వచ్చారని తెలిసి బాపు సెలవు పెట్టి పోయాడు. ఏం చెప్పి ఒప్పించాడో తెలీదు, మైదానంలో స్టేజీ వేయడానికి క్లబ్బువాళ్లను కూడా ఒప్పించాడు. ఆయన రైలు దిగేరోజు కాలనీలో సగం స్టేషన్లోనే ఉంది. దిగినాయనను దాటి, రాజు కోసం మేం ఇంకా రైలుపెట్టె వైపే చూశాం. బక్కపలచగా, పొట్టిగా, మెడకు ఉన్ని మఫ్లరు చుట్టుకుని, మన ఇంటికి జాతకాలు చూడడానికి వచ్చే మనిషిలా ఉన్నాడు. వెనక హార్మోనియం మోసుకుని ఆయన మేనల్లుడు. చాంద్ చిచ్చా బాద్షాకు పూలదండ వేసి తెచ్చాడు. పురుషోత్తం గారు దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

"ఏమండీ, నాకు గుర్రాలంటే కొంచెం భయమండీ" అన్నారు.

చిచ్చా బాపు వైపు చూశాడు. "గింతకాలం గుర్రానికే గద సాబ్ మీరు పాడింది?"

"స్టేజీ మీద గుర్రం ఉండదు కదండీ" అన్నారాయన. చివరికి జట్కాలో హార్మోనియం ఎక్కింది, ఆయన దూరంగా వెనక నడిచి వచ్చారు. గుర్రాన్ని విడిచిపెట్టలేక ఏడ్చిన రాజు గుర్రానికి అంత దూరంగా నడుస్తుంటే మాకు ఏదో తప్పిపోతున్నట్టు అప్పుడే అనిపించింది.

దానికి తోడు బాపుకు ఇంకో ఆలోచన వచ్చింది. పద్యం గుర్రానికి కనుక గుర్రం ఎదురుగా ఉంటే పద్యం ఇంకా పండుతుందని, బాద్షాను తెచ్చి స్టేజీ పక్కన గుంజకు కట్టించాడు. పురుషోత్తం గారు స్టేజీ ఆ చివరికి జరిగి నిలబడ్డారు. ఆయన అంత దూరం నుంచి గుర్రాన్ని పొగడడం మొదలుపెట్టారు. ఆ గొంతు గురించి అబద్ధం ఎందుకు, అంత చిన్న మనిషిలో అంత పెద్ద గొంతు ఎట్లా ఇమిడిందోనని నేను నోరు తెరుచుకుని చూశాను. మైకు ఆగిపోయినా చివరి వరస దాకా వినిపించింది. బాపు చెయ్యి ఎడమవైపు పోయింది.

అయితే పొగడ్త ముగిసే చోట, అంటే మా ప్లేటులో మొదటివైపు అయిపోయే చోట, మైదానంలో మనుషులంతా ఒక్కసారి లేచారు. అలవాటు. చాయబండి వైపు పోయేవాళ్లు పోయారు, పాను ఉమ్మేవాళ్లు ఉమ్మారు, ఆడవాళ్లు పిల్లల్ని పట్టుకుని పక్కకు తీసుకుపోయారు. పురుషోత్తం గారు మాత్రం ఆగలేదు. ఊపిరి తీసుకుని నేరుగా కళ్లెం విప్పడంలోకి వెళ్లిపోయారు. చాయ చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగిన జనానికి అప్పటికే సగం పద్యం పోయింది. "గింత తొందరేంది గీయనకు? రైలు గిట్ల ఉన్నదా?" అన్నారెవరో. ఆ చిక్కుకునే చోట అవ్వ వేలు పైకెత్తి కాచుకుని కూర్చుంది. ఆయన చిక్కుకోలేదు. అవ్వ వేలు గాల్లోనే ఉండిపోయింది.

ఇక చివర. మేమంతా కొంగులూ తువ్వాళ్లూ తీసి సిద్ధంగా ఉన్నాం. పురుషోత్తం గారు గొంతు దించలేదు. పైకి తీసుకుపోయారు. ఒక్కో మెట్టే ఎక్కించి, ఇక పైన ఏమీ లేదనుకున్నచోట ఇంకో మెట్టు ఎక్కించి, రెండు చేతులూ చాచి, ముఖం వెలిగిపోతుంటే అక్కడ నిలిపి ఆపేశారు.

మైదానంలో ఒక్క కొంగూ కంటిదాకా పోలేదు. బాద్షా చెవి కూడా కదపలేదు. కట్టిన చోటనే నిలబడి గడ్డి నములుతున్నది.

"గుర్రం పోయినందుకు సంబురపడుతుండేంది?" అన్నది ఒక ముసలమ్మ. అంతే, మాట అంటుకుంది. ఈయన ఆయన కాదని ఒకరు, ఆయన పేరు పెట్టుకుని వచ్చిండని ఒకరు, గుర్రమే గుర్తుపట్టలేదు గదా ఇంకా సాక్ష్యమెందుకని మరొకరు. కొందరు బాపు చుట్టూ చేరారు. "మల్లన్నా, నువ్వు పరేషాన్ గాకు. గీయన దొంగ. అసలాయన రాలే. అసలాయన రాంది నీ పందెమెట్ల పోతది? గాయిన గాదని ఒక్కమాట అను, మీసం నిలుస్తది" అన్నారు.

కంపౌండర్ రాజలింగం అంతదూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నోరు విప్పవలసిన అవసరం లేదని ఆయనకు తెలుసు. స్టేజీ మీద పురుషోత్తం గారు మఫ్లరు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. తను తను కాదని ఇంతమంది ఒకేసారి అంటే మనిషి ఏం చేస్తాడు? ఆయన మా బాపు వైపు చూశారు. ఆ ఊళ్లో ఆయనకు తెలిసిన మనిషి బాపు ఒక్కడే. బాపు చెయ్యి మీసం దాకా పోయి, ఎటూ మెలెయ్యకుండా ఆగింది. కాదను బాపూ అని మనసులో అనుకున్నాను, నిజం.

"ఆయనే" అన్నాడు బాపు.

అని, అక్కడే గుంపులో ఉన్న మంగలి ఓదెలును పిలిచి, "కత్తి దేపో" అన్నాడు.

ఓదెలు ఏడుస్తూ కత్తికోసం పోయాడు. స్టేజీ మీదున్న పురుషోత్తం గారు ఈ తతంగమంతా ఏమిటో అర్థంకాక కిందికి దిగి, మనుషులను అడిగి, చివరికి అవ్వ దగ్గరికి వచ్చారు. అవ్వ కొంగు నిండుగా కప్పుకుని పందెం సంగతంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విని, "ఆ ప్లేటు ఒకసారి వినిపిస్తారామ్మా?" అన్నారు.

గ్రామఫోన్ తెచ్చి స్టేజీ మీద పెట్టారు. ఆయన దాని ముందర గొంతుక్కూర్చుని, చెంపకు చెయ్యి ఆనించి తనను తాను విన్నారు. మధ్యలో మేం చాయకు లేస్తే తలెత్తి చూశారు. గీత దగ్గర అవ్వ దెబ్బ వేయడం చూశారు. చివర తన గొంతు నేల అడుగుకు జారిపోతుంటే ఆయన కళ్లు పెద్దవయ్యాయి. ఆయనకు ఒక్క క్షణంలో అర్థమై ఉంటుంది. అయినా లేచి, పంచె సర్దుకుని, "ఇందాక గొంతు పట్టేసింది. ఇప్పుడు కుదురుకుంది. మళ్లీ పాడతాను" అన్నారు.

పాడారు. పొగడ్త ముగిసేచోట టక్కున ఆగి, మమ్మల్ని చాయకు వదిలి, తనూ ఒక చాయ తెప్పించుకుని తాగారు. మేం కూర్చున్నాక కళ్లెం విప్పసాగారు. గీత చోటికి వచ్చి "ఆ... ఆ... ఆ..." అంటూ అవ్వ వైపు చూశారు. అవ్వ బిత్తరపోయింది. ఆయన ఆపడం లేదు, ముందుకు పోవడం లేదు, ముఖం ఎర్రబడుతున్నది. "కొట్టవే, పానం పోయేటట్టున్నది" అని పక్కావిడ పొడిస్తే, అవ్వ వేలితో స్టేజీ చెక్క మీద ఒక్క దెబ్బ వేసింది. ఆయన ముందుకు కదిలారు. చివర గొంతు దించుతూ, దించుతూ, గొంతుతోపాటు తనూ మోకాళ్ల మీదికి వంగి, కూర్చుని, పక్కకు ఒరిగి, చెంప చెక్కకు ఆనించి, ఒక లోతైన గురగురతో ఆగిపోయారు. హార్మోనియం మేనల్లుడు మామకేమైందోనని లేచి నిలబడ్డాడు.

చాంద్ చిచ్చా ముక్కు చీది బాద్షా తాడు విప్పాడు. అది తలవంచుకుని, స్టేజీ ముందు నుంచి, ఏడుస్తున్న జనం మధ్య నుంచి, మెల్లగా కొట్టం వైపు పోయింది. "గిప్పుడచ్చింది గాయిన గొంతు" అన్నారందరూ. ఓదెలు కత్తి పొట్లం కట్టేశాడు. కంపౌండర్ చాలాసేపు స్టేజీ వైపే చూసి, "పెట్టె ఒక్కటే అనుకున్న, మనిషి గూడ ఖరాబేనా" అని గొణుక్కుంటూ పోయి రేడియో మీద బట్ట కప్పాడు.

ఆయన రాత్రి భోజనం మా ఇంట్లోనే. అవ్వ సర్వపిండి చేసింది. తింటూ తింటూ ఆయన చూపు అంబలి కుండ మీద పడింది. మూత తీసి, దీపం దగ్గర తిప్పి చదివి, "అమ్మా, ఈయన మహానుభావుడు. ఈయన్ని కుండ మీద పెట్టారేమిటి?" అన్నారు. తన మఫ్లరుతో తుడిచి గ్రామఫోన్ మీద పెట్టారు. అవ్వకు ఇబ్బందిగా ఉన్నా అతిథిని ఏమనగలదు? ఆ దొర మెల్లగా మొదలుపెట్టి, పైకెక్కి, గొంతు చించుకున్నాడు. ఈసారి ఎవరూ ఆపలేదు. పాట కొసకు వచ్చింది. దొర గొంతు బరువెక్కింది, జారింది, లోతుకు పోయి, గురగురమని ఆగిపోయింది. అచ్చంగా మా రాజు లాగే.

పురుషోత్తం గారు తలూపి, "పాపం, ఈయన గుర్రం కూడా పోయినట్టుందండీ" అన్నారు.

అవ్వ నవ్వింది. నేనూ నవ్వాను. బాపు నవ్వలేదు. లేచి పెట్టె దగ్గరికి పోయి, చావి పట్టుకుని, తిప్పకుండా నిలబడ్డాడు. "అయితే సార్, మీరు మొదాలు పాడిందే పద్యం" అన్నాడు.

"పోనీండి మల్లయ్య గారూ. ఇన్నాళ్లు ఇంత శ్రద్ధగా నన్ను విన్నవాళ్లు లేరు. తప్పుగా విన్నారనుకోండి, అయినా విన్నారు."

"రాజు ఎందుకు ఏడ్వడు సార్?"

ఆయన చెయ్యి కడుక్కుంటూ చెప్పారు. "తనతోబాటు ఆకలికి చావకుండా గుర్రమన్నా బతికి పోతోంది కదండీ. ఏడుపంతా కళ్లెం విప్పేటప్పుడే అయిపోయింది. అది పరుగెత్తడం చూశాక గొంతు పైకి లేవక ఏం చేస్తుంది?"

ఆయన రైలెక్కిన మరుసటి వారమే బాపు మమ్మల్ని వేములవాడకు తీసుకుపోయాడు. అక్కడి దేవుడు రాజన్నకు తలవెంట్రుకలు ఇవ్వడం మా వైపు అందరికీ ఉన్నదే. కళ్యాణకట్ట దగ్గర కూర్చుని, తల అయిపోయాక కూడా బాపు లేవలేదు. "గిది గూడ" అని పెదవి చూపించాడు. గుండు మీద నీళ్లు పోసుకుని లేచిన మనిషిని నేను ఎవరో అనుకున్నాను. బాపు పై పెదవి అంత పల్చగా, పిల్లవాడి పెదవిలా ఉంటుందని నాకు తెలీదు. బెల్లంపల్లిలో దిగితే, పందెం గెలిచినందుకు మల్లన్న మొక్కు తీర్చుకుని వచ్చిండని కాలనీ అంతా మెచ్చుకుంది. కంపౌండర్ కూడా ప్రసాదం కళ్లకద్దుకుని తిన్నాడు. బాపు ఎవరికీ ఏమీ చెప్పలేదు. తల మీద వెంట్రుకలు మళ్లీ వచ్చాయి, మీసం మాత్రం ఆయన రానివ్వలేదు. అవ్వ కొన్నాళ్లు అలవాటు కొద్దీ చిన్న చెంబుతో నీళ్లు తీసిపెట్టి, తర్వాత వాటిని తులసికి పోసేది.

బాపు గ్రామఫోన్‌ను కరీంనగర్ తీసుకుపోయి కొత్త స్ప్రింగు వేయించాడు. మొదటి ఆదివారం జనం వచ్చారు, విన్నారు. రాజు గొంతు చివర పైకి లేచింది. ఒకరి ముఖాలొకరు చూసుకుని, "ప్లేటు ఖరాబైంది మల్లన్నా" అని జాలిపడి వెళ్లిపోయారు. ఇంకొన్ని ఆదివారాలకు అందరూ కంపౌండర్ ఇంటికి పోయి ఆయన్నే బతిమాలి రేడియో మీది బట్ట తీయించారు. మా అరుగు మీద బాపూ చాంద్ చిచ్చా మిగిలారు. బాద్షా కూడా మారిపోయింది. పద్యం ఎప్పుడు ముగిసిందో దానికి తెలిసేది కాదు. ఆ తర్వాత దాన్ని చిచ్చా కళ్లెం పట్టుకుని నడిపించుకుని పోవలసి వచ్చింది.

ఇప్పుడు ఆలోచిస్తే, మా కాలనీది తప్పని అనలేను. ఒక అరుగు నిండా మనుషులు ఒకే చోట లేచి, ఒకే చోట కూర్చుని, ఒకే చోట ఏడ్చిన పాట నేను మళ్లీ వినలేదు. అది సగం ఆయన పాడాడు, సగం మేమూ మా స్ప్రింగూ అవ్వ వేలూ కలిసి పాడాం. మా అన్న మనవడి గుండీలో గీత లేదు, చాయ లేదు, పక్కన ముక్కు చీదే మనిషి లేడు. మా సగం తీసేసి ఆయన సగం ఆయనకు ఇచ్చేశారు. న్యాయమే. కానీ నాకు ఆ సగం చాలా చిన్నగా, ఒంటరిగా వినిపించింది. అందుకే ఆయన కాదన్నాను.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. బాపు చివరి రోజుల్లో మంచం మీద ఉండి, మాట సన్నబడ్డాక, ఒక సాయంత్రం నన్ను పిలిచి గుర్రం పద్యం ఎత్తుకున్నాడు. ప్లేటు ఎప్పుడో పగిలిపోయింది. ఊపిరి అందక ఎక్కడికక్కడ తెగుతూ పాడాడు. చివరి మెట్టు దగ్గర ఆయన గొంతు రాలేదు. గొంతు రాకపోయినా మెడ మాత్రం దిండు మీది నుంచి పైకి లేపి, ఆ మీసం లేని పెదవితో నవ్వి, చెయ్యి గాల్లో చాచాడు. నేను ఏడుస్తుంటే, "ఏడ్వద్దు బిడ్డా, గది వోతున్నది సూడు" అన్నాడు.

పిల్లవాడు ఫోను జేబులో పెట్టుకోబోతే చెయ్యి పట్టి ఆపాను. ఇంకోసారి పెట్టమన్నాను. ఈసారి గుండీ వద్దన్నాను, బయటికే వినిపించమన్నాను. పొగడ్త అయిపోయింది, ఆయన ఆగలేదు, నేనూ లేవలేదు. గీత చోటు వచ్చింది, నా వేలు దానంతటది కదిలింది గానీ ఆయన నాకోసం చూడకుండా దాటిపోయారు. చివర గొంతు ఒక్కో మెట్టే పైకి లేచి, ఇక పైన ఏమీ లేదనుకున్నచోట ఇంకో మెట్టు ఎక్కి నిలిచింది. నా మెడ కూడా లేచిందని వాడు నవ్వేదాకా నాకు తెలీదు.

"ఏందమ్మమ్మా, మరి ఎవరీయన?" అన్నాడు.

"ఆయనే" అన్నాను.